ఒకరు గారి కోటు

ఫిబ్రవరి 6

వదినా,

ఫోన్ చేస్తే నువ్వే మాట్లాడతావు, నేను "ఊఁ" కొట్టి పెట్టేస్తాను. అందుకే మన ఒప్పందం ప్రకారం ఉత్తరం రాస్తున్నాను. కాయితం మీద నువ్వు నాకు అడ్డు రాలేవు.

నన్ను తీసుకున్నారు. పోయిన నెల చెప్పానే, ఏఐ విధానాల మీద ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళ కోసం పెట్టిన కార్యక్రమం, అందులోకి. ఉద్యోగం మానక్కర్లేదు. ఆర్నెల్లపాటు ప్రతి గురువారం సాయంత్రం ఒక హాల్లో కలవాలి, అంతే. పాఠాలు లేవు, పరీక్ష లేదు, చివర్లో పట్టా కూడా లేదు. ఒకళ్ళనొకళ్ళు పరిచయం చేసుకోవడమే పని. కంపెనీలవాళ్ళు, ఆస్పత్రులవాళ్ళు, కోర్టు వ్యవహారాలు చూసినవాళ్ళు, నాలాంటి సర్కారీ మనుషులు, అందరం కలిసి ఒక బస్సు నిండుతాం. అందరూ ఈ పనిలో తల నెరిసినవాళ్ళే.

"ఇందులో కష్టమేముంది?" అంటావు. నీకేం తల్లీ, బస్టాపులో నిలబడితే బస్సు వచ్చేలోపు పక్కవాళ్ళ ఇంటి గుట్టంతా లాగేస్తావు. నాకు ఫైళ్ళన్నీ తెలుసు, మనుషులే తెలియరు. మొదటి గురువారం టీ ఫ్లాస్కు పక్కన చేరి కప్పులు సర్దుతూ కూర్చున్నాను. టీ ఇచ్చే ఆవిడ అనుకుని కప్పు చాపారు కొందరు. నేనూ కాదనకుండా పోశాను.

కానీ ఈసారి నోరు విప్పక తప్పదు. నా నిబంధన సంగతి నీకు తెలుసు. ఉద్యోగం గానీ, అప్పు గానీ, ఆస్పత్రిలో తేదీ గానీ, యంత్రం లెక్కవేసి "కాదు" అన్నప్పుడు, ఎందుకు కాదని అడిగినవాళ్ళకి ఒక మనిషి జవాబు చెప్పాలి. ఇంతే. అమ్మకి ఆపరేషన్ తేదీ రానప్పుడు అన్నయ్య ఆ ఆస్పత్రిలో కిటికీ కిటికీకీ తిరగలేదూ? అన్ని కిటికీల దగ్గరా "సిస్టం ఒప్పుకోలేదండీ" అన్న మాటే కదా. అమ్మ ఇప్పుడు గుండ్రాయిలా ఉందిగానీ, ఆ రోజు అన్నయ్య ముఖం నేను మర్చిపోలేదు. నాలుగేళ్ళుగా ఆ ఒక్క మాట కోసమే ఫైలు నడుపుతున్నాను. మా పై అధికారి ఈమధ్య తేల్చి చెప్పేశారు: "బయట ఎవరూ ఒప్పుకోని నిబంధనని పైకెలా పంపను? ఆగస్టు లోపు ఒక కంపెనీ, ఒక ఆస్పత్రి చేసి చూస్తామంటే సరే. లేదంటే ఫైలు మూసేసి మిమ్మల్ని పార్కింగ్ విభాగానికి పంపిస్తాను."

ఇంకోటి. అక్కడొక కట్టుబాటు ఉంది. విన్న మాట బయట చెప్పుకోవచ్చుగానీ, అన్నదెవరో చెప్పకూడదు. ఆడో మగో కూడా చెప్పకూడదు. అలాగైతేనే మనసు విప్పి మాట్లాడతారని. కాబట్టి నా ఉత్తరాల్లో ఎవరైనా "ఒకరు" అనే ఉంటారు. గుచ్చి గుచ్చి అడగకు.

నోట్లో నాలుక లేని నీ మరదలు

ఫిబ్రవరి 15

టీ పోసే అధికారిణి గారికి వదిన రాయునది.

నీ ఉత్తరం మీ అన్నయ్య నాకంటే ముందు విప్పి చదివేశారు. తర్వాత ఏమీ ఎరగనట్టు జిగురు పెట్టి మూసి నా చేతికిచ్చారు. కవరుతోపాటు ఆయన బొటనవేలు కూడా వచ్చింది.

పాఠాల్లేవు, పరీక్షల్లేవు, కబుర్లు చెప్పుకుంటే చాలు, దానికి మళ్ళీ ఏరి ఏరి తీసుకోవడమా! ముందే తెలిస్తే నేనూ అర్జీ పెట్టుకునేదాన్ని. ఆ లెక్కన నాకు పుట్టినప్పటినుంచీ అనుభవమే.

నా మాట విని ఆ టీ ఫ్లాస్కు వదలకు. టీ దగ్గరికి రానివాళ్ళుండరు. నువ్వు ఎవరినీ వెతుక్కుంటూ పోనక్కర్లేదు. పోసేటప్పుడు "చక్కెర ఎంత?" అని అడుగు. ఎంత గొప్పవాళ్ళైనా ఆ ప్రశ్నకి జవాబు చెప్పాల్సిందే. రెండో ప్రశ్న నువ్వే ఆలోచించుకో, అన్నీ నేనే చెప్తే ఎలా?

కొట్లో వ్యాపారం చల్లగా ఉంది. రాజుగారి దుస్తులు అద్దెకి తీసుకెళ్ళిన నాటకంవాళ్ళు వాటిని మసిగుడ్డల్లా తెచ్చి పడేశారు. రెండు మీసాలు తిరిగి రాలేదు. కిటికీలో బొమ్మకి తొడగడానికి ఏమీ లేక దుప్పటి కప్పి నిలబెట్టాను. దారినపోయేవాళ్ళు జ్వరమా అని అడుగుతున్నారు.

పేర్లు చెప్పకపోతే పోనీ, ఒడ్డూ పొడుగూ చెప్పడానికి అడ్డేమిటి? ముప్ఫై ఏళ్ళుగా నాటకాలవాళ్ళకి వేషాలు కట్టి కట్టి, మనిషి కళ్ళ ముందు కనబడకపోతే నాకు వాళ్ళ మాట వినబడదు. కాస్త రూపురేఖలు రాయి.

వదిన

మార్చి 21

వదినా,

నీ చక్కెర మంత్రం పారింది! "రెండు చెంచాలు, మా డాక్టరుకి మాత్రం చెప్పకండి" అన్నారు ఒకరు. "ఆయనెవరో చెప్తే కదండీ, చెప్పకుండా జాగ్రత్త పడతాను" అన్నాను. అన్నది నేనే! ఇంటికొచ్చేదాకా నా మాటకి నేనే నవ్వుకున్నాను. బస్సులో ఒకావిడ సీటు మారింది.

నువ్వు అడిగావు కాబట్టి రూపురేఖల వరకూ చెప్తాను. ఒకరికి మోకాలి నొప్పి. చేతికర్ర ఉంది, మాట నచ్చితే దాంతో నేలమీద టకటకా కొడతారు. ఒకరు మహా పొడుగు, హాలు గుమ్మం దగ్గర తల వంచాలి. ఊసుపోకపోతే కూనిరాగం తీస్తారు. ఒకరికి తోడు పోయి రెండేళ్ళయింది, అప్పట్నుంచీ వంట నేర్చుకుంటున్నారు. వారం వారం ఏదో వండి డబ్బాలో తెస్తారు. ఉప్పు ఉండదు. అందరం బాగుందనే అంటాం.

నా ముసాయిదా ధైర్యం చేసి ఒకరి చేతిలో పెట్టాను. "మూడో పేజీ దాకా మేలుకునే ఉన్నానండీ. మీ నిబంధన మంచిదే. దానికి శత్రువులు మీ వాక్యాలే" అన్నారు. నాకెంత కష్టంగా అనిపించిందో చెప్పలేను. కాకిపిల్ల కాకికి ముద్దు, నిజమే. అయినా ఎన్ని శనాదివారాలు కూర్చుని రాశాను!

ఇద్దరున్న చోట నాకింకా గొంతు పెగలదు. అందుకే ఒక్కొక్కరినీ విడిగా పట్టుకుంటున్నాను. ఫ్లాస్కు దగ్గర ఒకరితో కాసేపు, వాళ్ళు వెళ్ళాక ఇంకొకరితో. నెమ్మదిగానైనా నడుస్తోంది.

నీ మరదలు

ఏప్రిల్ 4

మరదలా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివి, నాలుగోసారి మీ అన్నయ్యకి వినిపించాను. నీకు కష్టం కలిగిందంటావు గానీ, నాకు మాత్రం కడుపు నిండింది. నీ ముసాయిదా మూడో పేజీ దాకా మేలుకుని చదవడమంటే మాటలా? పెళ్ళికి ముందు నేను రాసిన ఉత్తరం చదువుతూ మీ అన్నయ్య రెండో పేజీలోనే నిద్రపోయారు. తప్పు తప్పని ముఖం మీద చెప్పేవాళ్ళే చివరిదాకా ఉంటారు. ఇంతకంటే ఏమీ అనను. నీకు అర్థమవుతుంది.

మోకాలి నొప్పికి మీ అన్నయ్య రాసుకునే నూనె సీసా ఒకటి పంపుతున్నాను. ఇచ్చేటప్పుడు "మా వదిన పంపింది" అని మరీ చెప్పు.

నా దగ్గరా ఒక కొత్త పాత్ర తయారవుతోంది. బొమ్మ మీద దుప్పటి తీసేశాను. మనిషి పొడుగు. చేతిలో కర్ర. కాస్త వయసు మళ్ళినా కళ తగ్గలేదు, వంటా వచ్చు. మంచి కోటొకటి కుట్టాలి. మీ ఆఫీసు మనుషుల కోటు ఎలా ఉంటే బాగుంటుందో రాయి. ఎవరికని అడగకు. నీకో కట్టుబాటుంటే నాకూ ఒకటుంటుంది.

అన్నీ తెలిసినా ఏమీ తెలియనట్టుండే నీ వదిన

మే 9

వదినా,

నూనె ఇచ్చాను. కర్ర ఆగకుండా టకటకలాడింది. మరో సీసా ఉంటే పంపమన్నారు.

అయితే కొత్త నాటకంలో ఆఫీసు పాత్ర ఉందన్నమాట! కోటు బూడిదరంగుది కుట్టు, ఏ పక్షమూ కానట్టు కనిపించాలి కదా. చేతులు కాస్త పొడుగు పెట్టు, మావాళ్ళు ఏం చెప్పాలో తోచనప్పుడు అరచేతులు లోపలికి లాక్కుంటారు. లోపలి జేబు పెద్దదిగా ఉండాలి. ఎప్పుడు ఆడతారో చెప్పు, సెలవు పెట్టుకుని వస్తాను.

ఇక్కడ నా నాటకం మాత్రం ఆఖరి అంకానికొచ్చింది. పోయిన గురువారం ఒకరు "రేపే మొదలుపెడదామండీ, మావైపు నుంచి అడ్డేం లేదు" అన్నారు. ఎగిరి గంతేశాను. మొన్న గురువారం ఒకరు "జవాబు చెప్పడానికి మనుషుల్ని ఎక్కణ్ణించి తెస్తాం? ఫోన్లు మోగుతూనే ఉంటాయి. ఇది జరిగే పని కాదు" అని, ఆ వెంటనే ఉప్పులేని డబ్బా నా ముందుకు తోశారు. అది తింటుంటే ఒకరు వచ్చి "అడిగేవాళ్ళు నిజానికి కొద్దిమందేనండీ" అని కూనిరాగం తీసుకుంటూ వెళ్ళిపోయారు.

ఔనన్నవాళ్ళు ఔనంటున్నారు, కాదన్నవాళ్ళు కాదంటున్నారు, నా ఫైలు మాత్రం ఎక్కడి గొంగళి అక్కడే ఉంది. పార్కింగ్ విభాగంలో నాకు కుర్చీ కూడా చూసి పెట్టారట. కిటికీ పక్కనట. నిన్న ఆఫీసు బాత్రూంలో కూర్చుని ఏడ్చాను వదినా. ఇన్నేళ్ళ పని ఇలా పోతుందనుకోలేదు.

నీ మరదలు

మే 17

మరదలా,

ఇక దాపరికం వద్దు. ఆ మనిషిని నమ్మకు.

ఎంత మురిసిపోయానో! తోడు పోయినవాడు, పాపం అనుకున్నాను. మోకాలికి నూనె పంపాను. ఉప్పు లేకపోతే మనం వేసుకోవచ్చులే అని సర్దిచెప్పుకున్నాను. తీరా చూస్తే ఒక గురువారం రేపే అంటాడు, మరో గురువారం జరిగే పని కాదంటాడు, పైగా కూనిరాగమొకటి! మాటమీద నిలబడనివాడితో ఎలా వేగుతావు? మీ అన్నయ్య మొదట్నుంచీ "అంత పొడుగు మనిషి కర్ర పట్టుకున్నాడంటే ఏదో ఉంది" అంటూనే ఉన్నారు. ఆయన పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు కదా అని నేను లెక్కచెయ్యలేదు.

కోటు కుట్టడం కూడా అయిపోయింది. బూడిదరంగు, పొడుగు చేతులు, లోపల పెద్ద జేబు, అన్నీ నువ్వు చెప్పినట్టే. బొమ్మకి తొడిగి కిటికీలో నిలబెడితే వీధిలో అందరూ ఎవరండీ ఎవరండీ అన్నారు. "ఒకరు గారు. మా మరదలికి కాబోయే ఆయన" అని చెప్పేశాను. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టయింది నా బతుకు.

నువ్వు ఏడవకు. ఏడిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. చేయాల్సింది చెప్తాను విను. చాటున ఒక మాట, ఎదుట ఒక మాట చెప్తూ పోతే ఎవరైనా గెలుస్తారు. ఆ ఔనన్న మాటనీ ఈ కాదన్న మాటనీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టు. "అయ్యా, పోయినవారం ఔనన్నదీ మీరే, ఈవారం కాదన్నదీ మీరే. ముందు మీలో మీరు మాట్లాడుకుని తేల్చుకోండి, తర్వాత నాకు చెప్పండి" అని ముఖంమీద అడిగెయ్.

కోపంతో,
వదిన

మే 26

వదినా, వదినా!

నవ్వీ నవ్వీ పక్కటెముకలు పట్టేశాయి. వాళ్ళు ఒక్కరు కాదు తల్లీ, నలుగురు! మామూలుగా కాదు, మోకాలిదాకా పప్పులో కాలేశావు. నా తప్పూ ఉందిలే, అందరినీ "ఒకరు" అని రాసి ఊరుకున్నాను. ఈ గురువారం నలుగురి దగ్గరా అనుమతి తీసుకున్నాను, ఇప్పుడు చెప్తాను.

చేతికర్ర ఆస్పత్రి నడిపే పెద్దావిడది, రేపే మొదలుపెడదామన్నది ఆవిడే. ముసాయిదా చదివి కునికిపాట్లు పడింది ఒక లాయరమ్మ. కూనిరాగం వినియోగదారుల సంఘం ఆయనది, పెళ్ళాం పిల్లలున్నవాడు, పాపం అనుకోనక్కర్లేదు. ఉప్పులేని డబ్బా కంపెనీ ఆయనది. ఆయనే కాదన్నది. ఆయన నా భుజం దాకా వస్తారు, నీ కోటు తొడిగితే వెతుక్కోవాలి. నీ పెళ్ళికొడుకులో సగం ఆడవాళ్ళే!

కానీ "మీలో మీరు మాట్లాడుకుని తేల్చుకోండి" అన్న దగ్గర నా నవ్వు ఆగిపోయింది. ఇన్నాళ్ళూ నేనేం చేశాను? ఒక్కొక్కరినీ విడిగా పట్టుకుని, ఒకరి మాట ఇంకొకరికి చేరకుండా జాగ్రత్తగా దాచాను. వాళ్ళు నాకు పరిచయమైతే చాలనుకున్నాను. వాళ్ళని ఒకళ్ళకొకళ్ళని పరిచయం చెయ్యాలన్న ఊహే రాలేదు. ఫోన్లు మోగుతూనే ఉంటాయని కంపెనీ ఆయన భయం. అడిగేవాళ్ళు కొద్దిమందేనని సంఘం ఆయనకి తెలుసు. ఇద్దరూ నా చేతి టీయే తాగుతారు, ఎదురుపడితే తలాడించడమే తప్ప ఇద్దరూ మాట కలిపింది లేదు. వాళ్ళు నిజంగా నువ్వనుకున్నట్టు ఒకే మనిషై ఉంటే, తనలో తాను మాట్లాడుకుని ఈపాటికి ఎప్పుడో తేల్చుకునేవాడు.

జూన్ ఆఖరి గురువారానికి నలుగురినీ ఒకే బల్ల దగ్గరికి పిలిచాను. అందరూ వస్తామన్నారు. ఇప్పుడు నాకు భయం పట్టుకుంది. నలుగురి ముందు ఏం మాట్లాడను?

నీ మరదలు

జూన్ 5

మరదలా,

మూడు రోజులు కొట్టు తెరవలేదు. వీధిలోవాళ్ళు అడిగితే ఏం చెప్పమంటావు? "సంబంధం తప్పిపోయిందండీ, పెళ్ళికొడుకు నలుగురు మనుషులట" అని చెప్పనా? మీ అన్నయ్య అన్నం తింటూ తింటూ ఉన్నట్టుండి నవ్వుతున్నారు. నిన్న పొలమారింది కూడా. నేను నీళ్ళివ్వలేదు.

సరే, కోటు పంపుతున్నాను. కిటికీలో దాన్ని చూస్తుంటే నాకు తలకొట్టేసినట్టుంది. ఏం మాట్లాడాలో తెలియదన్నావు కదా, ఈ కోటు కథ చెప్పు. ఎవరైనా తమ గురించి చెప్పే కథ వినకుండా ఉండరు. నన్ను చూసి నవ్వితే నవ్వనీ. నవ్వుతూ నవ్వుతూ కాదనడం కష్టం.

నీకు సంబంధాలు చూడటం నా పని కాదని ఒప్పుకుంటున్నాను. ఈసారికి.

వదిన

ఆగస్టు 29

వదినా,

ఇన్నాళ్ళూ రాయనందుకు తిట్టు, పడతాను. అంతా తేలాకే రాద్దామని ఆగాను. ఫైలు మూయలేదు! పార్కింగ్ విభాగంలో కిటికీ పక్క కుర్చీ మరొకరికిచ్చేశారు.

ఆ గురువారం బల్ల చుట్టూ నలుగురూ బిగుసుకుపోయి కూర్చున్నారు. నేను లేచి నిలబడ్డాను. సంచీలోంచి నీ కోటు తీసి బల్లమీద పరిచి, ఇదెలా పుట్టిందో మొదట్నుంచీ చెప్పాను. "కాబోయే ఆయన" అన్న దగ్గర ఆస్పత్రి పెద్దావిడ కర్ర చేతిలోంచి జారిపోయింది. తర్వాత వంతులవారీగా అందరూ తొడుక్కుని చూశారు. లాయరమ్మకి చేతులు మోకాళ్ళదాకా వచ్చాయి, కంపెనీ ఆయన లోపల ఎక్కడున్నారో కనబడలేదు, సంఘం ఆయనకి బొత్తాలు పట్టలేదు. నలుగురికీ కలిపి కుట్టిన కోటు ఒక్కరికీ సరిపోలేదు.

ఆ తర్వాత నా అవసరమే లేకపోయింది. కంపెనీ ఆయన తన భయం చెప్పారు. సంఘం ఆయన "మా దగ్గరికి రోజూ వస్తారండీ జనం. కానీ ఎందుకు కాదని అడిగేది వాళ్ళలో కొద్దిమందే. వాళ్ళకీ పని కాకపోయినా ఫర్వాలేదు, కారణం చెప్తే చాలు" అన్నారు. "మా దగ్గర తేదీలిచ్చేది మీ యంత్రమే కదయ్యా. మందుల గది పక్కన చిన్న గదుంది, ఫోన్ పెడతాను, ఇద్దరు ఉద్యోగుల్నిస్తాను. నడిపి చూద్దాం" అని పెద్దావిడ కర్ర టకటకలాడించారు. కంపెనీ ఆయన డబ్బా మూత తిప్పుతూ, "మొదట్లో వాళ్ళకి తోడు ఎవరైనా ఉంటే బాగుంటుంది. కార్యక్రమం అయిపోయాక నాకు సాయంత్రాలు ఖాళీయే. ఇంట్లో ఒక్కణ్ణే" అన్నారు. ఆ మాటతో మేమూ వంతులేసుకుని వస్తామని అందరం చేతులెత్తాం. నా ముసాయిదాని లాయరమ్మ అరపేజీ చేసింది. చదివాను, నాకే నిద్ర రాలేదు. మా అధికారి దాన్ని పైకి పంపేశారు.

పక్కనున్న మందుల గదిని చల్లగా ఉంచుతారు, ఆ చలి మా గదిలోకీ వస్తుంది. అందుకని నీ కోటు అక్కడి కుర్చీకే తగిలించి ఉంటుంది, ఎవరి వంతైతే వాళ్ళు తొడుక్కుంటాం. దాన్ని అందరం "ఒకరు గారి కోటు" అనే అంటాం. లోపలి జేబులో పెద్దావిడ ఒక ఉప్పు పొట్లం పెట్టింది, కంపెనీ ఆయన వంతు రోజుకి పనికొస్తుందని.

మొన్న సోమవారం నా వంతు. ఫోన్ మోగగానే అరచేతులు కోటు చేతుల్లోకి లాక్కున్నాను. అవతల ఒక పెద్దాయన.

"మీరూ యంత్రమేనా?" అన్నారు ముందుగా.

"కాదండీ, మనిషినే."

"అయితే ఏదీ, దగ్గండి."

దగ్గాను. అప్పుడు నమ్మారు. భార్యకి ఆపరేషన్ తేదీ రాలేదట. సిస్టం తెరిచి చూస్తే పాత రక్తపరీక్ష కాయితమొకటి అందలేదని యంత్రం ఆపేసింది. ఆ మాట చెప్పి, ఏ కిటికీలో ఇవ్వాలో చెప్పాను. "ఇంతేనా? ఈ మాట చెప్పే దిక్కులేకనా నేనిన్ని కిటికీలు తిరిగింది?" అన్నారు. అచ్చం అన్నయ్య గొంతే వినబడింది నాకు. తర్వాత ఆయన భార్య గురించి, ఆవిడ కోపం గురించి, ఇంట్లో కారే కుళాయి గురించి చెప్తూనే ఉన్నారు. నేను మధ్యలో అడ్డు రాలేదు.

పెట్టేసేముందు అడిగారు: "ఎవరు చెప్పారంటే మా ఆవిడకి ఏమని చెప్పనమ్మా? మీ పేరేమిటి?"

ఇన్నాళ్ళూ ఎవరి పేరూ బయటపెట్టనిదాన్ని, నా పేరు చెప్పాను వదినా. ఆయన కాయితం వెతుక్కుని రాసుకునేదాకా, మళ్ళీ ఒకసారి, నెమ్మదిగా.

నీ మరదలు